నోటిఫికేషన్ పడితే అద్దె పెంచు

ఉద్యోగం ఉన్నవాడికి ఇల్లు అద్దెకివ్వడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. కొండాపూర్‌లోనో కోకాపేటలోనో ఫ్లాట్ కొన్నారనుకోండి. సాఫ్ట్‌వేర్ కుర్రాడొస్తాడు. లిఫ్టు ఎన్ని నిమిషాలకొస్తుందో అడుగుతాడు, జనరేటర్ ఉందా అంటాడు, బాల్కనీలోకి ఎండ ఏ పూట పడుతుందో కూడా కనుక్కుంటాడు. నచ్చకపోతే నెల తిరక్కుండా పక్క టవర్లోకి మారిపోతాడు. జీతం ఉన్నవాడితో ఇదే చిక్కు, వాడికి ఇంకో ఇల్లు దొరుకుతుంది. కాబట్టి అద్దెల కోసం మొదటిసారి ఆస్తి కొనబోతున్న మీకు నా మొదటి సలహా: ఉద్యోగం లేనివాణ్ని వెతుక్కోండి. ఇవాళో రేపో వచ్చేస్తుందని నమ్మేవాడైతే మరీ శ్రేష్ఠం. అలాంటివాళ్లు వేల సంఖ్యలో ఒకేచోట కావాలంటే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో దిగి అశోక్‌నగర్ ఎటని అడగండి. అడగక్కర్లేదు కూడా, వీపున బ్యాగు, చేతిలో జిరాక్స్ కట్టతో నడిచే వాళ్ల వెనకాలే వెళ్లండి.

ఈ పేటకు ఇంతమంది ఎందుకొస్తారని బ్రోకర్‌ని అడిగితే మెట్రో అంటాడు. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో మొదలైంది, క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ మూడు చోట్లా స్టేషన్లున్నాయి, నిజమే. ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి 2023 ఆగస్టులో తెరిచారు, అదీ నిజమే. ఆ బ్రిడ్జికి ఆనుకుని రెండో అంతస్తు ఫ్లాటు చూపించి, కిటికీలోంచి బస్సులు కనపడటాన్ని 'వ్యూ' అంటాడు. కొనేయండి. వచ్చేవాడు కిటికీ తీసి చూసేరకం కాదు, ఉన్న నాలుగు గోడలకూ మ్యాపులు అంటించుకుంటాడు.

అసలు కారణం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, దాని చుట్టూ మొలిచిన కోచింగ్ సెంటర్లు. ఇందులో మీకు తెలియని ఆర్థిక రహస్యం ఒకటుంది. జీహెచ్‌ఎంసీకి మీరు కట్టే ఇంటిపన్ను మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు పడుతుంది. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి, ఆదిలాబాద్ నుంచి మీ గేటు దాకా అద్దెదారుణ్ని నడిపించుకొచ్చే లైబ్రరీకి ప్రభుత్వం మీ చేతే చందా వేయిస్తోందన్నమాట. ఆ సెస్సును అద్దెలో కలిపి అతని దగ్గరే రాబట్టండి. లైబ్రరీలో కుర్చీ దొరకలేదని అతను వాపోతే ఓదార్చకండి, సెల్లార్ చూపించండి. దాని సంగతి తర్వాత చెబుతాను.

కొనేటప్పుడు కాగితాలు ఎక్కువ చూడొద్దు. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, శాంక్షన్ ప్లాన్, అవిభాజ్య వాటా ఎన్ని గజాలు, ఇవన్నీ తిరగేస్తూ కూర్చుంటే ఇక్కడ ఇల్లు కొన్నట్టే. వాస్తు మటుకు గట్టిగా చూడండి. ఈశాన్యంలో సంపు ఉంటే చాలు, పైన ఎన్ని అంతస్తులకు అనుమతి ఉందో లెక్క పెట్టాల్సిన పని లేదు. ప్లాన్‌లో రెండు అంతస్తులుంటాయి, నేల మీద నాలుగు, వాటి పైన రేకుల పెంట్‌హౌస్. ఇదేంటండీ అంటే "బీఆర్‌ఎస్‌లో పెట్టేశాం సార్" అంటాడు అమ్మేవాడు. 2015లో భవనాల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు తీసుకున్న మాట వాస్తవం, ఆ పథకం హైకోర్టులో ఆగిపోయిన మాటా వాస్తవం. అయినా దరఖాస్తు నంబరు ఉందిగా. అందుకని పెంట్‌హౌస్‌కే ఎక్కువ ధర పెట్టండి.

రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ వగైరా అన్నీ కలిపి ఏడున్నర శాతం. అంత కట్టడం దేనికి? ప్రభుత్వ విలువ ఎంతో అంతకే రాయించి, మిగతాది సంచిలో ఇవ్వండి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదు పుచ్చుకుంటే అంతకంతా జరిమానా అని ఆదాయపు పన్ను చట్టం అంటుంది గానీ, అది పుచ్చుకున్నవాడికి. మీరు అమ్మేవాడయ్యేదాకా ఆ భయం మీది కాదు. రేపు అమ్మేటప్పుడు మీ కొన్న ధర కాగితం మీది చిన్న అంకే అవుతుంది, లాభం కొండంత కనిపిస్తుంది, పన్నూ అంతే పడుతుంది. అమ్మేనాటి ఏడుపు అమ్మేనాడు ఏడవచ్చు.

ఇప్పుడు లెక్క. 80 లక్షల ఫ్లాటనుకుందాం. చేతిలో 20, బ్యాంకు 60. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు. నెలకు కిస్తీ 52 వేలు. నారాయణగూడ కాలేజీలో పాఠాలు చెప్పుకునే లెక్చరర్ కుటుంబానికి ఇస్తే 22 వేలు అద్దొస్తుందనుకోండి, ఏడాదికి రెండు లక్షల 64 వేలు. పెట్టిన 80 లక్షల మీద మూడుంపావు శాతం. బ్యాంకులో ఫిక్స్‌డ్ వేసుకున్నా ఇంతకంటే ఎక్కువొస్తుంది కదా బావా అని మీ బావమరిది అంటాడు. అతనికి లెక్కలొచ్చు, అందుకే అతన్ని గృహప్రవేశం దాకా ఇటు రానివ్వకండి.

కుటుంబాన్ని మరిచిపోండి. హాలుకు అడ్డంగా ప్లైవుడ్ పార్టిషన్ కొట్టించండి. డైనింగ్ అనే చోటుకు ఒక తలుపు పెట్టించండి. డబుల్ బెడ్రూం కాస్తా నాలుగు గదులవుతుంది. గదికి ముగ్గురు, మొత్తం పన్నెండు బెడ్లు, బెడ్‌కు నాలుగున్నర వేలు. 54 వేలు! కిస్తీ పోగా రెండు వేలు మిగులు. మనిషికి నెలకు 20 వేల లోపు తీసుకుంటూ కనీసం 90 రోజులు ఉంచుకుంటే జీఎస్టీ కూడా లేదని 2024లో కౌన్సిల్ తేల్చింది. బాత్రూములు రెండే కదా అంటారేమో. రేపు జిల్లాను నడపాల్సినవాళ్లు క్యూ పద్ధతి ఇప్పుడే నేర్చుకోవాలి. ఈ లెక్కలో కరెంటు, ట్యాంకరు, సొసైటీ మెయింటెనెన్స్, ఊడ్చే మనిషి జీతం, పాడైన గీజరు రాలేదని ఎవరైనా గుర్తు చేస్తారు. రాసుకోకండి. ఒక్క బెడ్ ఖాళీ పడితే ఆ రెండు వేల మిగులు పోయి ఎదురు రెండున్నర వేలు జేబులోంచి పెట్టాలని కూడా ఎక్కడా రాసుకోకండి. పుస్తకం శుభ్రంగా ఉండాలి.

కరెంటు మీద కాస్త ఎక్కువ మాట్లాడుకోవాలి, ఇక్కడ మీ ప్రతిభ బయటపడే చోటు అదే. పన్నెండు మందికీ ఒకే ఇంటి మీటరు. 200 యూనిట్లు దాటాక యూనిట్ ధర ఏడున్నర దాటి ఇంకా పైకి పాకుతుంది. కాబట్టి గదికో సబ్‌మీటరు బిగించి, అందరికీ ఒకే ధర, పైశ్లాబు ధరకు ఇంకో రెండు రూపాయలు కలిపి వేయండి. ఇలా కాక మీ పైపోర్షన్లో తెల్లకార్డున్న చిన్న కుటుంబం ఎవరైనా ఉంటే మరో సంగతి. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడినవాళ్లకు సున్నా బిల్లు. అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. ఆ సున్నా బిల్లును గోడకు పెట్టకుండా మీ తలుపు సందులో పెట్టమని రీడింగ్ తీసే అబ్బాయికి ముందే చెప్పుకోండి, ప్రతి నెలా ఎప్పటిలాగే ఎనిమిది వందలు అడిగి తీసుకోండి. నీళ్లూ అంతే. నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితమని ప్రభుత్వం 2020 డిసెంబరు బిల్లు నుంచి అంటోంది. ఉచితమన్నది నల్లాకు. అద్దెదారుడి బకెట్‌కు అని ఎవరూ అనలేదు.

ఇక ఈ వ్యాపారానికి ఆయువుపట్టు. షేర్లు కొనేవాడు రిజర్వు బ్యాంకు వైపు చూస్తాడు, మీరు టీజీపీఎస్సీ వైపు చూడండి. తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో పడింది, 503 పోస్టులు. ఆ సాయంత్రమే అద్దె పెంచాల్సింది. అక్టోబరు 16న ప్రిలిమ్స్ అయింది. పేపర్లు లీకయ్యాయని తేలి 2023 మార్చిలో రద్దు చేశారు. అద్దె పెంచండి. జూన్ 11న మళ్లీ పెట్టారు. బయోమెట్రిక్ సరిగా తీసుకోలేదని సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. పెంచండి. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషనే తీసేసి 563 పోస్టులతో కొత్తది వేశారు. జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబరు 21 నుంచి మెయిన్స్. 2025 సెప్టెంబరులో ఆ మెయిన్స్ ఫలితాలనూ సింగిల్ జడ్జి పక్కన పెడితే డివిజన్ బెంచ్ స్టే ఇచ్చింది. గ్రూప్-2 ఇంకా రుచిగా ఉంటుంది. 783 పోస్టులకు 2022 డిసెంబరులో ప్రకటన, 2023 ఆగస్టులో పరీక్ష అన్నారు. అక్కణ్నుంచి నవంబరు, అక్కణ్నుంచి జనవరి, మళ్లీ ఆగస్టు, చివరికి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. ఏ లాయరు రాసిన లీజు ఇంత గట్టిగా మనిషిని గదిలో కూర్చోబెడుతుంది చెప్పండి? మూడు నెలలు ఉండి పోదామని వచ్చినవాడు రెండేళ్లు ఉంటాడు. ఊళ్లో ఎకరం అమ్మి పంపుతారు. అమ్మినట్టు మీకు చెప్పరు, ఒకటో తారీఖున ఫోన్‌పే మోగుతుంది, అంతే.

వాయిదా పడ్డప్పుడు మీ దగ్గరికి ఒకడొచ్చి గుమ్మంలో నిలబడతాడు. "అంకుల్, పరీక్ష ఇంకో మూడు నెలలు జరిగింది. ఈ నెల కొంచెం ఆగుతరా?" అంటాడు. కంగారు పడకండి. "జరిగింది పరీక్ష కదా బాబూ, ఒకటో తారీఖు జరగలేదు కదా" అనండి. స్వరం మెత్తగా ఉండాలి. ఆంటీ వెనకనుంచి "టీ తాగి పోరా నాన్నా" అంటే ఇంకా మంచిది, టీ తాగినవాడు రెండో మాట మాట్లాడలేడు.

అప్పుడప్పుడూ వీధిలో గొడవలవుతాయి. 2023 అక్టోబరులో ఒక రాత్రి అశోక్‌నగర్ చౌరస్తాలో వేలమంది కూర్చున్నారు. ఇలాంటి గదుల్లో ఒకదానిలో ఒక అమ్మాయి ప్రాణం తీసుకుందని, దాని గురించి మనబోటి సలహాదారులు మాట్లాడరు. ఆ మరుసటి నెలలోనే ఎన్నికలకు ముందు రాహుల్ గాంధీ వచ్చి ఇదే పేటలో నిరుద్యోగులతో కూర్చుని మాట్లాడి వెళ్లారు. ఏడాది తిరిగేసరికి 2024 అక్టోబరులో, గ్రూప్-1 మెయిన్స్‌కు ఎంపిక తీరు మార్చిన జీవో 29 రద్దు చేయాలని అదే చౌరస్తాలో మళ్లీ లాఠీలు. నినాదం ఏదైనా, కుర్చీలో ఎవరున్నా, నినాదాలిచ్చినవాడు రాత్రి పడుకోవడానికి మీ బెడ్ దగ్గరికే రావాలి. గేటు పదింటికే వేసేయండి, ఆలస్యమైతే వంద ఫైను పెట్టండి.

ఆడపిల్లల హాస్టలైతే గేటు ఎనిమిదింటికే. స్టడీ హాలు తొమ్మిదింటికి మూస్తే అది స్టడీ హాలు తప్పు.

వచ్చినవాడు కదలడన్న ఈ సూత్రం ఒక్కసారే బెడిసికొట్టింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించగానే నగరంలో చాలామంది హాస్టల్ ఓనర్లు పిల్లల్ని సామాను సర్దుకోమన్నారు. పోలీసు స్టేషన్ల ముందు పాసుల కోసం బారులు తీరారు. ఏదో పాసు తీసుకుని బయల్దేరినవాళ్లు ఆంధ్రా సరిహద్దులో గరికపాడు దగ్గర ఆగిపోయారు. హాస్టళ్లు ఖాళీ చేయించొద్దని ప్రభుత్వం గట్టిగా చెప్పాల్సొచ్చింది. ఆ తర్వాత కోచింగ్ సెంటర్లు నెలల తరబడి తెరుచుకోక, టులెట్ బోర్డులు గేట్లకే వేలాడాయి. కొత్తగా కొనేవాళ్లు దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది: వెళ్లగొట్టే ముందు అడ్వాన్సు తిరిగివ్వలేదని మరోసారి సరిచూసుకోవాలి.

ఎవరికివ్వాలన్నది కూడా ముఖ్యమే. బోర్డు మీద 'ఫ్యామిలీకి మాత్రమే, వెజ్ మాత్రమే' అని రాసి, వచ్చిన బ్యాచిలర్లకు కొంచెం ఎక్కువ చెప్పి ఇవ్వడం పాత పద్ధతి. కొత్త పద్ధతిలో ముందు ఆధార్ కార్డు అడగండి, ఇంటిపేరు చదవండి. చాలకపోతే "మీరేమిట్లు బాబూ?" అని చల్లగా అడగండి. రాజ్యాంగం పుస్తకంలో 15వ అధికరణం కింద ఎర్రగీత కొట్టుకున్న పిల్లాడు జవాబు చెప్పేముందు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ క్షణంలో మీకు కావాల్సింది తెలిసిపోతుంది. గది నిన్ననే వేరేవాళ్లకు ఇచ్చేశామని చెప్పండి. బోర్డు మాత్రం తీయకండి.

అగ్రిమెంటు రాయాలా? ఏడాది దాటితేనే లీజు రిజిస్టర్ చేయాలన్న లెక్కతో లోకమంతా పదకొండు నెలలకు రాస్తుంది. మీరు అదీ రాయకండి. నోటిమాట చాలు, ఎందుకంటే నోటిమాటను ప్రతి నెలా మార్చుకోవచ్చు. నెలనెలా అద్దెకున్నవాణ్ని ఖాళీ చేయించాలంటే పదిహేను రోజుల నోటీసివ్వాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అంటుంది. పదిహేను రోజులు దేనికి, మోటరు స్విచ్చి మీ ఇంట్లోనే ఉందిగా. అడ్వాన్సు విషయంలో కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం నివాసానికి రెండు నెలలు మించొద్దంది. అది నమూనా. పెళ్లికి నమూనా పత్రిక చూసినంత మాత్రాన దాన్నే అచ్చు వేయిస్తామా? మూడు తీసుకోండి. ఖాళీ చేసేటప్పుడు ఒక నెల పెయింటింగ్‌కు, ఒక నెల నోటీసు ఇవ్వనందుకు, అర నెల గోడకు కొట్టిన మేకులకు. రంగు వేయించొద్దు, అదే మరకల గోడకు వచ్చేవాడి దగ్గర కూడా పెయింటింగ్ కోయాలి కదా.

పన్నుల మాటకొస్తే, ఉద్యోగం లేని అద్దెదారుడిలో ఇంకో సుగుణముంది. హెచ్‌ఆర్‌ఏ కోసం మీ పాన్ నంబరు అడగడు, రసీదు కూడా అడగడు. అద్దె ఆదాయం చూపిస్తే ఇంటిపన్ను పోను మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల కింద చట్టమే తగ్గిస్తుంది, దాని పైన గృహరుణం వడ్డీ కూడా తీసేసుకోవచ్చు, 52 వేల కిస్తీ కట్టేవాడికి చివరికి పన్ను పడేది పెద్దగా ఉండదు. అందుచేత దాచడంలో అసలు లాభమే లేదు. అయినా దాచండి. అలవాటు పోకూడదు. డబ్బులు అత్తగారి నంబరుకు పంపమనండి, ఆవిడకు వచ్చే నోటీసు ఆవిడే చూసుకుంటుంది.

సెల్లార్ దగ్గరికి వద్దాం. నిబంధనల ప్రకారం అది బండ్లు పెట్టుకునే చోటు. బండ్లు అద్దె కట్టవు. అందుకని బండ్లను వీధిలోకి తోసి, కింద నలభై క్యాబిన్లు కట్టి, ఏసీ ఒకటి బిగించి, 'ఇరవై నాలుగు గంటల రీడింగ్ రూం' అని బోర్డు పెట్టండి. హుస్సేన్‌సాగర్ మిగులు నాలా ఈ బస్తీల పక్కనుంచే పోతుంది. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు ఈ చుట్టుపక్కల ఇళ్లలోకి నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో గోడల మీద చాలాకాలం గీతలుండేవి. సున్నం కొట్టించండి. ఢిల్లీ ఓల్డ్ రాజేంద్రనగర్‌లో 2024 జూలై 27న ఇలాంటి నేలమాళిగ లైబ్రరీలోకే వాన నీళ్లు దూకి ముగ్గురు సివిల్స్ పిల్లలు చచ్చిపోయారు. వాళ్లలో ఒకమ్మాయి తెలంగాణ నుంచే వెళ్లింది. క్యాబిన్ చూడటానికి వచ్చిన తండ్రి ఆ ప్రస్తావన తేకపోతే మీరు తేవద్దు. తెస్తే, ఏసీ రిమోట్ చేతికివ్వండి.

చివరిగా, ఇంత చదివాక కొందరికి ఒక పిరికి ఆలోచన వస్తుంది. ఈ పిల్లల్లో ఒకడు నిజంగా పాసై, మున్సిపల్ కమిషనరో, వాణిజ్య పన్నుల అధికారో, డీఎస్పీయో అయి, ఇదే వీధికి ఇదే సెల్లార్ చూడటానికి వస్తే? గ్రూప్-1లో ఆ పోస్టులన్నీ ఉన్నాయి కాబట్టి అనుమానం సహజమే. కానీ అంకెలు మన వైపున్నాయి. 2024లో 563 పోస్టులకు దరఖాస్తు చేసినవాళ్లు నాలుగు లక్షల పైచిలుకు. ప్రిలిమ్స్ రాసినవాళ్లు మూడు లక్షలు. అందులోంచి మీ పన్నెండు బెడ్ల మీద పడుకున్నవాడే తేలడమన్నది ఎంతవరకు జరిగే పని? ధైర్యంగా ఉండండి. ఖర్మ కాలి తేలాడే అనుకుందాం. ఫలితాలొచ్చిన సాయంత్రమే అతని ఫొటోతో గేటుకు ఫ్లెక్సీ కట్టించండి, పేరు పక్కన 'మా హాస్టల్ విద్యార్థి' అని పెద్దక్షరాల్లో ఉండాలి, కింద మీ ఫోను నంబరు. అతని అడ్వాన్సు ఇంకా మీ దగ్గరే ఉంటుంది కాబట్టి ఫ్లెక్సీ ఖర్చు అందులో కోసుకోవచ్చు.